జయంతి టీచరు కట్టిన కొండచరియ

జయంతి టీచరుది అవనిగడ్డ. చుట్టూ ఒండ్రుమట్టే, గులకరాయి కోసం కూడా వెతుక్కోవాల్సిన ఊరు. అందుకేనేమో, పెళ్లయి చందానగర్ వచ్చాక ఆవిడకు రాళ్ల మీద వల్లమాలిన ప్రేమ పుట్టింది. మాదాపూర్‌లో బండలు పేల్చి హైటెక్ సిటీ కడుతున్న రోజులవి. అక్కడికి దగ్గర్లోని ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెబుతూ, దారిలో ఆటో ఆపించి మరీ రాతిపలకలు ఏరుకునేది.

"మేడం, ఇది ఆటో అనుకున్నరా, లారీ అనుకున్నరా?" అని గొణుగుతూనే ఆటో ఎల్లేశం బరువైనవి తానే ఎత్తి పెట్టేవాడు.

ఆ ఏడు బడి ప్రదర్శనకి టీచరు వరండాలో బల్ల మీద ఒక లోయ కట్టింది. తడిమట్టితో పలకలు పేర్చి, అటూ ఇటూ నిటారుగా రెండు కొండగోడలు. మధ్యలో, ఎల్లేశం గోనెసంచిలో చుట్టి తెచ్చిన ఐసుదిమ్మ. అదే హిమానీనదం.

"ఇంతకాలం ఈ మంచే కొండను అదిమిపెట్టి ఉంచింది. అది కరిగిపోతే గోడకు ఆసరా పోతుంది. రాయి సడలి పగుళ్లు విచ్చుకుంటాయి. చరియలు విరిగి పడతాయి, చూడండి" అంది వచ్చినవాళ్లతో.

అందరూ చూశారు. ఐసు కరిగింది. బల్ల కింద మడుగు కట్టింది. గోడలు మాత్రం కదల్లేదు.

"ఇగ ఎప్పుడు పడ్తది మేడం? జర నూకమంటరా?" అన్నాడు ఎల్లేశం.

"వద్దండీ, దానంతటదే పడాలి!"

ఇంతలో ముఖ్య అతిథి వచ్చాడు. అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజరు, పేరు చైతన్య. సమోసా ప్లేటుతో బల్ల మీదికి వంగి, "దీనికి డెడ్‌లైన్ ఎప్పుడండీ?" అని అడిగాడు.

టీచరు అబద్ధమాడలేదు. "కొన్ని వెంటనే పడతాయండీ. కొన్నిటికి వేల ఏళ్లు పడుతుంది."

"మా ప్రాజెక్టులూ అంతేనండీ" అన్నాడాయన సానుభూతిగా.

అప్పుడే బండలు పేల్చే గుట్టల వైపు హెచ్చరిక విజిల్ మోగింది. ఆ వెంటనే ధడేల్‌మని పేలుడు. కిటికీలు గడగడలాడాయి. ఎడమ కొండ మొత్తం జారి అతిథి సమోసాల మీదా, బూట్ల మీదా పడింది.

పిల్లలు ఈలలేశారు. ఎల్లేశం "పడ్డది! పడ్డది!" అని ఎగిరాడు. టీచరు కళ్లలో నీళ్లు తిరిగాయి. "భూకంపమొచ్చినా అచ్చం ఇలాగే పడతాయండీ!" అని, మట్టికొట్టుకుపోయిన అతిథి చేయి పట్టుకుని ఊపేసింది.

ఆయా భూలక్ష్మి పరేషానై, "ఏంది గీ గలీజు!" అంటూ రెండు బకెట్ల నీళ్లు గుమ్మరించింది. మట్టీ రాళ్లూ కలిసి వరండా వాలున ప్రిన్సిపాల్ చలపతిరావు గారి గది వైపు పరుగందుకున్నాయి.

"ఆపు భూలక్ష్మీ!" అని అరిచిన టీచరు, అంతలోనే మనసు మార్చుకుంది. "కాదు, ఇంకో బకెట్ పొయ్యి! పడిన రాళ్లనీ మట్టినీ వాగులు కిందికి మోసుకుపోతాయి. తర్వాత జరిగేది ఇదే!"

చలపతిరావు గారు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చారు.

"ఇంకా ఏమైనా ఉందామ్మా?"

"ఉందండీ. ఒక్కోసారి ఈ మట్టి లోయకు అడ్డంపడి సరస్సు కడుతుంది."

ఆయన వెనక్కి తిరిగి తన గది చూసుకున్నారు.

"కట్టిందమ్మా" అన్నారు.