గెడ్డ ఒడ్డున ఫ్రెంచి చాకిరేవు

ఫ్రాన్సు దేశం నడిబొడ్డున, కొండల మధ్య వాల్‌క్లేర్ అని ఒక ఊరుంది. జనాభా నూట తొంభై. మా అనకాపల్లి పెళ్ళిళ్ళలో రెండో బంతికే అంతకంటే ఎక్కువమంది కూర్చుంటారు. ఒక వాగు, ఒక చర్చి, ఊరందరికీ కలిపి ఒక రొట్టెల పొయ్యి, వాగు పక్కన రాతి కమానులతో, పైకప్పుతో ఒక చాకిరేవు. అంతే ఊరు. దీన్ని వాళ్ళు వారసత్వ సంపద అంటారు.

మేము దీన్ని భూగోళం క్లాసులో బట్టీ పట్టాం, ఎందుకంటే అనకాపల్లి కాన్వెంటులో మాకు పాఠం చెప్పిన సిస్టర్ క్లోతిల్డ్ ఆ ఊరి మనిషి. గోదావరి ఎక్కడ పుట్టిందంటే క్లాసులో సగంమంది తడబడేవారు. వాల్‌క్లేర్ చర్చి ఏ దిక్కుకి తిరిగి ఉంటుందంటే నిద్రలో కూడా చెప్పేవాళ్ళం.

పరీక్ష అయిన మర్నాడే అన్నీ మర్చిపోయాం. మర్చిపోనివాడు దేముడు. వాడు మా బడిలో చదవలేదు. రోలుగుంట దారిలో ఉన్న మా ఊరి తాపీ మేస్త్రీ. ఓ ఏడాది కాన్వెంటు ప్రహరీ కట్టడానికి వచ్చి, మూడు నెలల పని ఎనిమిది నెలలు చేశాడు. సిస్టర్ దగ్గర ఆ చాకిరేవు ఫోటో ఒకటి ఉండేది. ఆవిడ వచ్చీ రాని తెలుగులో చెప్పడం, వీడు తాపీ పట్టుకుని నోరు తెరుచుకుని వినడం. కమాను ఎత్తెంత, రాయి వాలెంత, నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతాయి, అన్నీ అడిగాడు.

ఊరికొచ్చి, మేము గెడ్డ అనే మా వాగు ఒడ్డున అచ్చం అలాంటిదే కట్టేశాడు. ఎవరూ అడగలేదు. సొంత రాయి, సొంత రెక్కలు, రెండేళ్ళు. వాల్‌క్లేర్‌లో సిమెంటు లేదు కనక వీడూ ముట్టలేదు. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళు, మన బెల్లం కలిపాడు. ప్రారంభోత్సవానికి అందరికంటే ముందు చీమలొచ్చాయి. తర్వాత సిస్టర్ వచ్చింది. చూసి కళ్ళు తుడుచుకుని, "మా పెంకులు నలుపు" అంది.

లోటు ఒక్కటే. వాల్‌క్లేర్ ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని బట్టలు రుద్దుతారు. మావాళ్ళు నిలబడి, బట్టని తల మీదుగా తిప్పి బండకేసి బాదుతారు. ఇక్కడ తిప్పిన బట్ట తిప్పినట్టే వెళ్ళి కమానుకి చుట్టుకునేది.

"మోకాళ్ళేసి ఉతకడానికి నానేటి తప్పు సేసేను? బళ్ళో పిల్లనా?" అంది వాడి భార్య నూకరత్నం, మొదటి రోజే.

ఆ తర్వాత అక్కడ ఎవరూ గుడ్డ తడపలేదు. మేకలు పడుకున్నాయి. పేకాటగాళ్ళు నీడకి చేరారు. నలభై ఏళ్ళు అలా గడిచాయి.

పోయిన ఏడాది రోడ్డు వెడల్పు చేస్తామని వచ్చి కమాను మీద ఎర్ర గీత గీశారు. దేముడు మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"బావా, ఎలాగైనా దీన్ని ఆపాల. నాను కట్టిన ఇళ్ళన్నీ పడగొట్టీసి డాబాలేసీసేరు. ఇదొక్కటే మిగిలింది."

మనకి ఇంగ్లీషు దేనికి నేర్పారు? కూర్చుని అర్జీ రాశాను. రెండు వందల ఏళ్ళ కిందట పూడిమడక దగ్గర సముద్రంలో ఓడ పగిలి, ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఒక ఫ్రెంచి కెప్టెన్, తన గుడ్డలు ఉతుక్కోవడానికి దీన్ని కట్టించుకున్నాడని. రెండు జతల బట్టల కోసం అంత దూరం ఎందుకు నడిచాడని ఎవరూ అడగలేదు. ఇంగ్లీషులో రాసిన అబద్ధానికి మన దగ్గర ఆ మర్యాద ఉంది.

పాత కట్టడాల సంగతి చూసే ఆఫీసరు దేవీప్రసాద్ గారు భూతద్దంతో దిగారు. సున్నం గోకి, వాసన చూసి, "బెల్లం! సందేహమే లేదు" అన్నారు. రోడ్డు ఆరడుగులు పక్కకి జరుపుతామన్నారు. కెప్టెన్ పేరిట ఫలకం పెడతామన్నారు. నోరు విప్పొద్దని దేముడికి ముందే చెప్పాను. వాడూ పాపం బిగబట్టుకునే నిలబడ్డాడు. ఆఫీసరు గారు అక్కడితో ఆగితే బాగుండేది.

"ఈ కమాను చూడండి. మన మేస్త్రీలు వంద జన్మలెత్తినా ఇలా కట్టలేరు."

"బాబూ, అది నానే కట్టేను" అన్నాడు దేముడు.

ఆయన నవ్వి వాడి భుజం తట్టారు. "పెద్ద వయసులో అలాగే అనిపిస్తుందిలే తాతా."

నేను కన్ను గీటాను. "నువ్వూరుకో బావా" అన్నాడు. గునపం తెచ్చి, గోడ మూలనున్న రాయి ఒకటి పెకలించి, లోపల చెయ్యి పెట్టి లాగాడు. నీలం పట్టీ ఉన్న హవాయి చెప్పు.

"ఇదేమిటి?" అన్నారు ఆఫీసరు.

"దిష్టికి బాబూ. పని బాగా వచ్చింది కదా, ఎవులి కళ్ళూ పడకుండా లోపలెట్టేను."

గుంపులోంచి నూకరత్నం కేక పెట్టింది. "నా సెప్పు! కుక్కెత్తుకుపోయిందని సెప్పేవు కదా! రెండు నెల్లు ఒట్టి కాళ్ళతో తిరిగేను!"

ఫ్రెంచి కెప్టెన్లు హవాయి చెప్పులు తొడిగేవారని మరో అర్జీ రాయడానికి నాకే ధైర్యం చాలలేదు.

ఫైలు మీద మూడు ముక్కలు రాశారు. పురాతనం కాదు. స్థానిక మేస్త్రీ దేముడి పనితనం. రక్షించనక్కరలేదు. ఆ కాగితం దేముడు నా చేత పదిసార్లు చదివించుకున్నాడు. ప్రతిసారీ రెండో ముక్క కాగానే, "సాల్లే బావా" అనేవాడు.

పొక్లెయిన్ వచ్చింది. టీ తాగేలోగా పడేస్తానన్నాడు డ్రైవరు. మొదటి రోజు సాయంత్రానికి బకెట్టు పన్ను ఒకటి విరిగింది. రెండో రోజు మధ్యాహ్నానికి పెంకులు మాత్రం పోయాయి. దేముడు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, పెళ్ళికొడుకు తండ్రిలా కూర్చుని చూస్తున్నాడు. డ్రైవరు కిందకి దిగి చెమట తుడుచుకున్నాడు.

"ఎవులు కట్టేర్రా బాబూ దీన్ని!"

దేముడు లేచి, పంచె సర్దుకుని, మెల్లగా వాడి దగ్గరికి నడిచాడు.

"నానే. అటు కొడితే ఇంకో వారమైనా రాదు. నడిమి రాయి లాగాల. రా, సూపిత్తాను."