ముందరి జత

ఆ రోజుల్లో కారంటే వస్తువు కాదు, ఇంటి మనిషి. పండగొస్తే దానికి తలంటు పోసి బొట్టు పెట్టేవాళ్లు, కదలక మొరాయిస్తే ఊళ్లో నలుగురూ వచ్చి పలకరించి పోయేవాళ్లు. ఇప్పుడు మా వీధిలో ఇంటికి రెండు కార్లున్నాయి గానీ వాటిలో ఏదీ నాకు గుర్తుండదు. కారు అనే మాట వింటే నా కళ్ల ముందుకొచ్చేది ఒక్కటే, రూపనగుడిలో మా గొడ్ల కొట్టంలో ఎద్దుల పక్కన గడ్డి వాసన పీలుస్తూ నిలబడి ఉండే దొడ్డ కారు. (దొడ్డ అంటే కన్నడంలో పెద్ద. ఇంట్లో తెలుగే మాట్లాడుకున్నా, నిజంగా పెద్దదైన దేన్నైనా మేం కన్నడంలోనే పిలిచేవాళ్లం, ఎందుకో.) గనుల్లో పనిచేసిన దొర ఒకాయన ఊరు విడిచి పోతూ అమ్మితే మా పెద్దనాయన కొన్నాడు. ముందు సీట్లో ముగ్గురు, వెనక సీట్లో నలుగురు, వాళ్ల ఒళ్లో ఇంకో నలుగురు, మధ్యలో మా జేజి (నాయనమ్మ) సద్దిమూట, ఇన్నిటికీ దాంట్లో చోటుండేది. ఆ చోటూ, ఆ ఇరుకూ రెండూ మళ్లీ నాకు ఎక్కడా దొరకలేదు.

మా నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. నన్ను పెంచింది జేజి, పెద్దనాయన. పెద్దనాయనకు పిల్లల్లేరు, ఎద్దులున్నాయి. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరు ఎద్దుల్ని కొనాలన్నా ముందు ఆయన్ను తీసుకుపోయేవాళ్లు. పళ్లు పట్టి చూసి, వీపు మీద సుళ్లు లెక్కపెట్టి, నాలుగడుగులు నడిపించి వెనక నుంచి నడక చూసి, అప్పుడు "కుదిరింది" అనో "కుదర్లే" అనో ఒక్క మాట చెప్పేవాడు. ఆ మాటకు తిరుగుండేది కాదు. ఎద్దుల విషయంలో అబద్ధమాడినవాణ్ణి జన్మలో క్షమించేవాడు కాదు. ఇది ముందే చెప్పి పెడుతున్నాను, ఎందుకంటే నేను చేసిన పని దీనికి దగ్గర్లోనే ఉంటుంది.

బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసి నాలుగైదేళ్లైన కాలం అది. నేను ఎస్సెల్సీ పాసయ్యాను. మా ఊళ్లో అంతదాకా చదివిన మొదటి ఆడపిల్లను నేనే. (మగపిల్లలు ఇద్దరున్నారు గానీ వాళ్లు పాసవలేదు. ఈ సంగతి అప్పట్లో నేను రోజుకు రెండుసార్లన్నా ఎవరికో ఒకరికి చెప్పేదాన్ని.) బళ్లారి కాలేజీలో చేరాలి, అక్కడే హాస్టల్లో ఉండాలి. అది తప్ప నాకు వేరే ధ్యాస లేదు. ఇంటికొచ్చిన చుట్టాలంతా "ఆడపిల్లకు కాలేజీ ఏంది?" అన్నారు. జేజి నా మొహం చూసి ఏడ్చింది, చుట్టాల మొహం చూసి ఇంకా ఏడ్చింది. పెద్దనాయన మూడురోజులు ఎద్దుల పని పెట్టుకుని కొట్టంలోంచి బయటికి రాలేదు. నాలుగో రోజు అక్కడే ఎద్దు వీపు నిమురుతూ నాతో అన్నాడు: "పాపా, నువ్వు వారం వారం నా కంటికి కనపడాల. శనివారం కారు పంపిస్తా, సోమవారం దిగబెడతా. ఆ బస్సును నమ్ముకోని నిన్ను పంపలేను. కారుకు కాళ్లు కుదిర్తే నీకు కాలేజీ కుదిరినట్టే."

కారుకు కాళ్లంటే టైర్లు. నాలుగూ తాడు బయటపడేదాకా అరిగిపోయి నున్నగా ఉన్నాయి. అంత పెద్ద కారుకు సరిపోయే టైర్లు ఆ రోజుల్లో అడగ్గానే దొరికేవి కావు. టైరు పక్కన ఇంగ్లీషులో కొలత రాసి ఉంటుంది, అది చదవడం పెద్దనాయనకు రాదు, మా డ్రైవరు మామకూ రాదు. డ్రైవరు మామ మా ఊరి సాయిబు, లారీలు తోలి తోలి విసిగి మా దగ్గర చేరాడు, నన్ను భుజాన మోసినవాడు. నేను నోటుపుస్తకం తీసుకుని కారు పక్కన నేల మీద బోర్లా పడుకుని, బురద గీకి ఆ అంకెలన్నీ రాసుకున్నాను. పనిలో పనిగా డ్రైవరు మామ నాకు కారు కడుపు చూపించాడు. "ఇదో పాపా, ఈ కడ్డీ ఉండాదే, ఇంజన్ జోరంతా దీన్లోంచి ఎనక్కి పోతాది. ఎనక చక్రాలు తిరిగితేనే బండి. ముందరివి ఉత్తగా దారి చూపిస్తాయంతే." నాకు బాగా అర్థమైంది. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. నాకు బాగా అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం బస్సులో బళ్లారి పోయాం. టైర్ల శెట్టి అంగడిలో కూర్చోబెట్టి, "బన్ని బన్ని, కూకోండి" అని కన్నడం తెలుగు కలిపి మర్యాద చేశాడు. నోటుపుస్తకం చూసి, లోపలికి పోయి దుమ్ము దులుపుకుంటూ వచ్చి, ఆ కొలతవి రెండే ఉన్నాయన్నాడు. మిగతా రెండూ మద్రాసు నుంచి రావాలి, ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి. ఉన్న రెండూ తెచ్చి పెద్దనాయన ముందు నిలబెట్టాడు. పెద్దనాయన తలపాగా సవరించుకుని లేచాడు. అరచేత్తో చరిచాడు, వంగి వాసన చూశాడు. కొత్త టైరు మీద సన్నగా వెంట్రుకల్లా రబ్బరు ఈనెలుంటాయి చూశారా, వాటిని వేళ్లతో నిమిరి, "ఇంకా నూగు పోల్యా. లేతవి" అన్నాడు. శెట్టికి అర్థం కాలేదు. నాకు అర్థమై నవ్వు రాకుండా పెదవి కొరుక్కున్నాను.

"నడిపించప్పా, చూస్తాం" అన్నాడు పెద్దనాయన.

శెట్టి నా వైపు చూశాడు, డ్రైవరు మామ వైపు చూశాడు. ఎవరమూ సాయం రాకపోయేసరికి పంచె ఎగగట్టి, రెండు చేతులతో రెండు టైర్లూ పట్టి, బజారులో అటు చివరిదాకా దొర్లించుకుంటూ పోయి మళ్లీ దొర్లించుకుంటూ వచ్చాడు. పెద్దనాయన వెనకాలే నడుస్తూ తల పక్కకు వాల్చి వాటి నడక చూశాడు. బజారు జనం పని మానేసి నిలబడ్డారు. "ఇంకొక తూరి" అన్నాడు పెద్దనాయన. శెట్టి ఇంకోసారి పోయొచ్చాడు, చెమటలు కక్కుతూ. అప్పుడు పెద్దనాయన, "ఇది దాపలకు లాగుతాండాది, ఎడమపక్క కట్టాల. అది కుడిపక్కకు. జత కుదిరింది" అన్నాడు. శెట్టి అరుగు మీద కూలబడి నీళ్లు తాగాడు. పెద్దనాయన కుదిరిందన్న జత కాబట్టి ఇక నా కాలేజీ కూడా కుదిరిందనుకుని నేను అక్కడే గాల్లో తేలిపోయాను.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. కొత్తవి రెండే కదా, కారుకు ముందర వెయ్యాలా, వెనక వెయ్యాలా? "ఎనకకే అప్పా" అన్నాడు డ్రైవరు మామ. పెద్దనాయన నవ్వాడు. "ఏం సాయిబూ, యాడన్నా బండికి ఎద్దుల్ని ఎనక కడతారా?" డ్రైవరు మామ కడ్డీ గురించి చెప్పాడు. శెట్టి కూడా "హౌదు, వెనకే" అనబోయాడు గానీ పెద్దనాయన చూపు చూసి నీళ్లగ్లాసు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికే మా టైర్ల నడక చూడ్డానికి పోగైన జనం అంగడి ముందు అలాగే ఉన్నారు. పెద్దనాయన వాళ్లందరి ముందూ నా వైపు తిరిగి, "మా పాప సైన్సు సదివింది. మా పాప చెప్పనీ. ఏం పాపా, ముందరా, ఎనకా?" అన్నాడు.

ఆ క్షణం ఆయన మొహం నాకిప్పటికీ కనపడుతుంది. నేను ఏం చెప్పినా వింటాడని నాకు తెలుసు. కానీ నిన్నగాక మొన్న చుట్టాలందరి ముందూ నన్ను వెనకేసుకొచ్చిన మనిషిని, బజారు జనం ముందు తప్పంటే ఎలా? నిజం చెప్పాలంటే అంత గొప్ప ఆలోచన కూడా కాదు. ఆయనకు కోపమొస్తే నా కాలేజీ ఏమవుతుందోనని భయం వేసింది. అందుకని సైన్సు సదివిన పాప గొంతు సవరించుకుని, "ముందరే పెద్దనాయనా. ముందరివి లాగితేనే గదా ఎనకవి వచ్చేది" అంది. డ్రైవరు మామ నా వైపు ఒక చూపు చూశాడు. నన్ను భుజాన మోసినందుకు ఆరోజు ఆయన విచారించి ఉంటాడు.

సోమవారం నా ప్రయాణం. కొత్త జత ముందర, పాత నున్నటి జత వెనక. జేజి కారుకు హారతిచ్చింది, ఆ తర్వాత నాకిచ్చింది. ట్రంకుపెట్టె, ఊరగాయ జాడీ, బొరుగుల మూట ఎక్కించాం. ముందురోజు వాన పడి నల్లరేగడంతా ముద్దగా ఉంది. ఊరు దాటి వంక దిగి గట్టెక్కేచోట దొడ్డ కారు ఆగిపోయింది. డ్రైవరు మామ ఇంజను రేపాడు. వెనక చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి గుంట తవ్వుకున్నాయి. పెద్దనాయన తెల్లపంచె, తెల్లచొక్కా, కొత్త తలపాగాతో దిగి వెనక నుంచి తొయ్యబోయాడు. రెండో తోపుకు ఆయన మీద తెల్లటిదేదీ మిగల్లేదు. ముందర కొత్త టైర్లు మాత్రం మా అందరినీ చూస్తూ నూగుతో సహా శుభ్రంగా నిలబడి ఉన్నాయి. ఇంజను బుసకొట్టి, పొగలు కక్కి, ఇక లేవనంది. డ్రైవరు మామ మళ్లీ నా వైపు ఆ చూపే చూశాడు. నేను ఊరగాయ జాడీని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆ జాడీలోకి దూరే వీలుంటే దూరేదాన్ని.

మనిషిని పంపి మా ఎద్దుల్ని తోలుకురమ్మన్నాడు పెద్దనాయన. మోకు వేసి కారు ముందర కట్టాడు. అదిలించగానే రెండూ మోకాళ్లొంచి ఒక్క ఊపున కారును గట్టెక్కించాయి. అంతే, పెద్దనాయన మొహం బురదలోంచి వెలిగిపోయింది. "చూసినావా సాయిబూ? ముందర కడితే గదా కదిలింది?" ఆ మాటను డ్రైవరు మామే కాదు, ఏ సైన్సు పుస్తకమూ కాదనలేదు. ఇంజను లేవలేదు కాబట్టి ఎద్దులు అలాగే బళ్లారిదాకా లాగాయి. కాలేజీ వరండాలో అమ్మాయిలంతా వరసగా నిలబడి చూస్తుండగా, అంత పెద్ద కారు, ముందు జత ఎద్దులు, వాటి పక్కన కర్ర పట్టుకుని బురద బొమ్మలా మా పెద్దనాయన, వెనక సీట్లో మహారాణిలా నేను. గేటు దగ్గర జవాను నోరు తెరిచి, ఎలా వచ్చారని అడిగితే, "కార్లో వచ్చినాంప్పా" అన్నాడు పెద్దనాయన గంభీరంగా. ఆ బురద చేత్తోనే నా దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. ఆ వేలిమచ్చ ఆ కాగితం మీద చాన్నాళ్లుండే ఉంటుంది.

శనివారం కారొచ్చింది, తనంతట తానే నడిచి. పెద్దనాయన ముందు సీట్లోంచి దిగి, నన్ను ముందు తలుపు దగ్గరికే తీసుకుపోయాడు, వెనక్కి పోనివ్వకుండా. అంతలో బజ్జీలు తెస్తానని అంగడికి పోయాడు. కారంతా కడిగి తుడిచి ఉంది గానీ టైర్లు నాలుగింటికీ మాత్రం మందంగా బురద పూసి ఉంది. వాన లేని వారమది. నేను వెనక్కి పోయి వంగి చూశాను. వెనక టైర్ల బురదలోంచి సన్నగా, వెంట్రుకల్లా, నూగు పొడుచుకొచ్చి ఉంది. డ్రైవరు మామ గొంతు తగ్గించి చెప్పాడు: "ఎనకవి గుంట తవ్వింది ఆయప్ప కూడా చూసినాడు గదా, ఇంటికి పోతానే మార్పిచ్చినాడు పాపా. బురద కూడా ఆయప్పే పూసినాడు. 'పాపకు చెప్పాకు సాయిబూ. కాలేజీకి పోతాండే పిల్ల. తాను చెప్పింది తప్పని తెలిస్తే చిన్నబోతాది, సదువు మీదే నమ్మకం పోతాది' అన్యాడు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన తప్పును దాచడానికి నేను అబద్ధమాడితే, అది నా తప్పనుకుని దాచడానికి ఆయన టైర్లకు బురద పూశాడు. అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. బజ్జీల పొట్లంతో ఆయన వచ్చి కూర్చుని, "ముందర జత బాగా లాగుతాండాది పాపా, నువ్వు చెప్పినట్టే" అన్నాడు. "అవును పెద్దనాయనా" అన్నాను. చదువు పూర్తయ్యేదాకా ప్రతి శనివారం మేమిద్దరం బజ్జీలు తింటూ ఆ ముందరి జతను మెచ్చుకుంటూనే ఇల్లు చేరాం. తర్వాత నేను ఏళ్ల తరబడి పిల్లలకు బలం, చలనం పాఠాలు చెప్పాను. ఆయనకు మాత్రం చెప్పలేదు. వచ్చే సెలవుల్లో చెబుదాం, నవ్వుకుందాం అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు. ఆ రోజు చూడ్డానికి వచ్చినవాళ్లంతా నన్ను ఊరడించారు గానీ, నేను ఏ మాట మిగుల్చుకుని ఏడుస్తున్నానో డ్రైవరు మామకొక్కడికే తెలుసు.

ఈ మధ్య నా చిన్న కారుకు టైర్లు అరిగాయని అంగడికి పోయాను. రెండు మారిస్తే చాలన్నాడు అంగడాయన. వెనకకే కదా అన్నాను, బలం పాఠం చెప్పిన పంతులమ్మను కాబట్టి. ఆయన నవ్వి, "లేదమ్మా, ఇప్పటి కార్లకు ముందరి చక్రాలే లాగేది. ముందరివి లాగితేనే గదా వెనకవి వచ్చేది" అన్నాడు. నా మాట, అక్షరం పొల్లుపోకుండా. నేనక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. పెద్దనాయనా, నువ్వు చెప్పిందే నిజమైంది, నువ్వు నా కోసం టైర్లకు బురద పూయనక్కర్లేకపోయింది అని పరుగెత్తిపోయి చెప్పాలనిపించింది. రూపనగుడిలో ఆ కొట్టమూ లేదు, అందులో ఎద్దు వీపు నిమురుతూ తల తిప్పి చూసే మనిషీ లేడు. కళ్లు తుడుచుకుని, టైరు మీద నూగును వేళ్లతో నిమిరాను. ఆ తర్వాత అంగడాయనతో, "బిగించేముందు ఒకసారి ఆ చివరిదాకా దొర్లించి చూపించు నాయనా, నడక చూడాలి" అన్నాను. ఆయన నా వైపు ఒక చూపు చూశాడు. అయినా దొర్లించాడు.