బ్యాలెట్‌లో పేరుంటే కుర్చీ

న్యూ హాంప్‌షైర్ కొండల నడుమ ఉన్న హార్లో మిల్స్ పట్టణంలో ఇర్మా కోరివో గొంతు ఎరగని మనిషి ఉండేవాడు కాదు. అంకెలు తిప్పే ఫోన్లు రాకముందు, పోస్టాఫీసు పైగదిలో కూర్చుని ఇరవై రెండేళ్ళపాటు ఊరి ఫోన్లన్నీ కలిపింది ఆమే. ఎవరికి పురుడొచ్చిందో, ఎవరింటికి డాక్టరు వెళ్ళాడో ఆమెకి తెలిసేది. ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో మరీ ముందు తెలిసేది. తెలిసినా ఎక్కడా ఒక్క ముక్క పైకి అనేది కాదు. ఆ నమ్మకంతోనే మహిళా ఓటర్ల సంఘం వాళ్ళు 1950లో ఆమెని అధ్యక్షురాలిగా కూర్చోబెట్టారు. మళ్ళీ లేవనివ్వలేదు.

ఆ సంఘానికి ఉన్న పెద్ద పని ఒక్కటే. రెండేళ్ళకోసారి, సెప్టెంబరులో పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రాథమిక ఎన్నిక జరిగే ముందు గురువారం, రైతు సంఘం హాల్లో పోటీదారులందరినీ పిలిచి చర్చ పెట్టడం. సాయంత్రం అయిదింటికి భోజనాలు. మేపుల్ పాకంలో పొద్దుటి నుంచీ మగ్గిన చిక్కుడు గింజలు, నల్ల రొట్టె, పళ్ళు కూరి కాల్చిన ఆపిల్ పై. నాయకుడైనా సరే పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడాల్సిందే. ఏడింటికి ఇర్మా బడిగంట మోగించేది. ఎవరెంతసేపు మాట్లాడాలో ఆ గంటే చెప్పేది. ఎవరిని పిలవాలన్న దానికి ఆమె పెట్టిన నియమం ఇంకా చిన్నది: బ్యాలెట్‌లో పేరుంటే వేదిక మీద కుర్చీ ఉంటుంది.

ఇరవై ఎనిమిదేళ్ళు ఆ నియమాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. 1978లో ప్రశ్నించారు.

ఆ ఏడు అమెరికా ప్రతినిధుల సభ సీటు ఒకటి ఖాళీ అయింది. వారెన్ స్టిక్నీ, ఫిలిప్ ఆల్డ్రిచ్ అని ఇద్దరు లాయర్లు దిగారు. ఒకప్పుడు ఒకే ఆఫీసు, ఒకే బోర్డు. ఎందుకో చెడింది. ఒకే క్షురకుడి దగ్గరికి వెళ్తూ కూడా ఒకళ్ళు మంగళవారం, ఒకళ్ళు శుక్రవారం అని పంచుకునేంత పట్టుదల ఇద్దరిదీ. మూడో మనిషి వెర్నా క్విన్‌బీ. బడి బస్సు నడుపుతుంది. సర్వేలో ఆమెకి వచ్చింది నూటికి మూడు.

ఆగస్టులో టీవీ స్టేషన్ నుంచి ఒకాయన ఇర్మా ఇంటికి వచ్చాడు.

"మీ హాలు నుంచి రాష్ట్రమంతా చూపిస్తామండీ. మీ పట్టణం పేరు మోగిపోతుంది. కాకపోతే ఇద్దరే ఉండాలి. సర్వేలో పది శాతం దాటనివాళ్ళని కూర్చోబెడితే మాకు టైము సరిపోదు."

"ఆలోచించి చెప్తాం" అంది ఇర్మా.

మర్నాడు స్టిక్నీ ఫోను. "ఇర్మా గారూ, నేను ఆల్డ్రిచ్‌తో తేల్చుకోవాలి. మధ్యలో ఆ బస్సావిడ ఎందుకండీ? ఆవిడ ఉంటే నేను రాను."

గంట తిరక్కుండా ఆల్డ్రిచ్. "ఆమెని తప్పకుండా పిలవాలండీ. ప్రజాస్వామ్యం అంటే మరేమిటి?"

ఇర్మా ఫోను పెట్టేసి నవ్వుకుంది. వెర్నా చీల్చేవి పల్లెల ఓట్లు, అంటే స్టిక్నీ ఓట్లు. ఆమె చీల్చేవి ఆల్డ్రిచ్‌కి పడే పట్నం ఓట్లైతే ఇద్దరి మాటలూ తారుమారయ్యేవి. ఎదుటివాడి మీద కసి తప్ప ఆ ఇద్దరి మాటల్లో వెర్నా అనే మనిషి ఎక్కడా లేదు.

కానీ నవ్వుకున్నంత సులువుగా ఆమె తీర్మానించలేకపోయింది. ఎందుకంటే వెర్నా క్విన్‌బీ అంటే ఆమెకి ఒళ్ళు మంట.

ఇర్మా భర్త ఆర్మాన్ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి నాయకుడు. కొత్త ఫైరింజన్ కావాలని ఆరేళ్ళు అడిగాడు. చివరికి ఊరి సభలో అది ఓటింగ్‌కి వచ్చిన రోజున వెర్నా లేచి, పాతది బాగానే ఉంది, ముందు బడికి పైకప్పు వేయండి అని ఇరవై నిమిషాలు వాయించింది. మూడు ఓట్ల తేడాతో ఇంజను పోయింది. ఆర్మాన్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. రెండేళ్ళకి గుండెపోటుతో పోయాడు. ఇంజనుకీ గుండెపోటుకీ సంబంధం లేదని ఇర్మాకి తెలుసు. తెలిసినా, బజార్లో వెర్నా ఎదురైతే ఆమె కాళ్ళు వాటంతటవే రోడ్డుకి అవతలి పక్కకి నడిచేవి.

సంఘం సమావేశం ఇర్మా భోజనాల బల్ల చుట్టూ జరిగింది. ఏడుగురు ఆడవాళ్ళు. టీవీ మాట వినగానే ముగ్గురి ముఖాలు వెలిగాయి.

"రాష్ట్రమంతా చూస్తారు, ఇర్మా! హాలుకి రంగు కూడా వేయించుకోవచ్చు" అంది ఆర్డిస్.

"రంగు కోసం మనిషిని బయట నిలబెడతామా?" అంది లుడివీన్.

చేతులెత్తితే మూడు అటు, మూడు ఇటు. అందరూ ఇర్మా వైపు చూశారు. "రేపు చెప్తాను" అంది ఆమె. అధ్యక్షురాలిగా అంత బేలగా మాట్లాడటం అదే మొదటిసారి.

ఆ కబురు వెర్నాకి ఎలా చేరిందో, తెల్లారి బడి పిల్లల్ని దించేసి ఖాళీ బస్సు తెచ్చి ఇర్మా ఇంటి ముందు ఆపింది. లోపలికి రాలేదు. మెట్ల మీదే నిలబడింది.

"నేనంటే నీకు పడదని నాకు తెలుసు ఇర్మా. పడాలని అడగడానికి రాలేదు."

"మరి దేనికొచ్చావు?"

"నామీద జాలిపడి కుర్చీ వెయ్యొద్దు. నామీద కోపంతో తియ్యనూవద్దు. బ్యాలెట్‌లో పేరెక్కడానికి నాలుగు వందల ఇళ్ళ తలుపులు తట్టి సంతకాలు తెచ్చుకున్నాను. అది చూసి చెప్పు. అంతే."

బస్సు పొగ వదులుతూ వెళ్ళిపోయింది. ఇర్మా కాసేపు ద్వారంలోనే నిలబడింది. ఫైరింజను సభ గుర్తొచ్చింది. ఆ రోజు వెర్నాని మాట్లాడనివ్వొద్దని పక్కనుంచి ఎవరో అరిస్తే, "ఆమె వంతు ఆమెది, కూర్చోండి" అని గద్దించినవాడు ఆర్మానే. ఇన్నాళ్ళుగా ఆ ముక్కని తాను మనసులోకి రానివ్వలేదని ఇర్మాకి అప్పుడు అర్థమైంది. లోపలికి వెళ్ళి టీవీ ఆయనకి ఫోను చేసింది.

"మా దగ్గర ముగ్గురికీ కుర్చీలుంటాయండీ."

"అయితే మేం రాలేమండీ."

"మంచిదండీ."

స్టిక్నీ రానని పత్రికలో ప్రకటన ఇచ్చాడు. ఆర్డిస్ వారం రోజులు ఇర్మాతో ముభావంగా ఉంది. కానీ ఇంత గొడవ జరిగాక జనం ఆగుతారా? గురువారం సాయంత్రానికి చుట్టుపక్కల అయిదు ఊళ్ళు హాల్లోనే ఉన్నాయి. చిక్కుడు గింజల కుండలు ఆరింటికే అడుగంటాయి. కిటికీ అంచుల మీద కూడా మనుషులే. వేదిక మీద మూడు కుర్చీలు, మూడింటి ముందూ పేర్లు. స్టిక్నీ పేరు తీసేయమని ఆల్డ్రిచ్ మనిషి వచ్చి చెవిలో చెప్పాడు.

"బ్యాలెట్‌లో తీసేశారా?" అంది ఇర్మా. అతను మెల్లగా జారుకున్నాడు.

చర్చ మొదలై అరగంటైంది. ఆల్డ్రిచ్ చెలరేగి మాట్లాడుతున్నాడు. అంతలో వెనక తలుపు దగ్గర కలకలం. స్టిక్నీ! టై వదులైపోయి, ముఖమంతా చెమట. హాలంతా ఆల్డ్రిచ్‌కి ఒక్కడికే దక్కుతుంటే ఇంట్లో కూర్చోలేకపోయాడు పాపం. జనం ఘొల్లున నవ్వారు. ఇర్మా గంట మోగించి, "మీ కుర్చీ అక్కడే ఉందండీ. పోయిన అరగంట మాత్రం పోయినట్టే" అంది. ఆయన బుద్ధిగా వెళ్ళి కూర్చున్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ వంతెన సంగతి మీద పడ్డారు. కాబ్ వాగు మీద వంతెన మూతపడి రెండేళ్ళైంది. నేను కట్టిస్తానంటే నేను కట్టిస్తానని వాదన. వెర్నా వంతు వచ్చింది. లేచి నిలబడింది.

"ఆ వంతెన మూసినప్పట్నించీ రోజూ పిల్లల్ని పదకొండు మైళ్ళు చుట్టూ తిప్పి తెస్తున్నాను. చలికాలంలో చీకట్లో ఎక్కుతారు, సగం మంది సీట్లోనే నిద్రపోతారు. మీ ఇద్దరినీ ఒక్కటే అడుగుతాను. మీలో ఆ వంతెనని కళ్ళారా చూసిందెవరు?"

ఆల్డ్రిచ్ గొంతు సవరించుకున్నాడు. "ఫోటోలు చూశానండీ."

స్టిక్నీ తల దించుకుని, ఎత్తాడు. "నేను చూడలేదమ్మా. రేపు పొద్దున నీ బస్సు ఎక్కించుకుంటావా?"

"ఆరుంపావుకల్లా రావాలి. ఆగను."

ఆ చప్పట్లకి కిటికీ అద్దాలు అదిరాయి. అన్నమాట ప్రకారం స్టిక్నీ మర్నాడు బస్సెక్కాడు. ఎన్నికలో ఆయనే గెలిచాడు. వెర్నాకి మొత్తం మీద నూటికి ఆరు వచ్చాయి. హార్లో మిల్స్ పెట్టెలో మాత్రం ఆమెదే మొదటి స్థానం. వంతెన మూడేళ్ళకి లేచింది.

చర్చ అయిన ఆ రాత్రి అందరూ వెళ్ళాక కుర్చీలు మడుస్తూ ఇద్దరే మిగిలారు. వెర్నా ఉన్నట్టుండి అంది:

"ఆ ఫైరింజను సంగతి... ఇవాళ అడిగినా వద్దనే ఓటేస్తాను ఇర్మా. ఆర్మాన్ మంచివాడు. నువ్వు బాధపడ్డావని తెలుసు. అయినా అబద్ధం చెప్పలేను."

ఇర్మాకి కోపం రావాల్సింది. నవ్వు వచ్చింది. "నీ నోరు ఉందే వెర్నా! పట్టు, ఆ కొస పట్టు" అని బల్ల రెండో కొస చూపించింది.

అప్పటినుంచి గురువారాలు వెర్నా ఇర్మా ఇంట్లోనే కాఫీ తాగేది. నాలుగేళ్ళ తర్వాత రాష్ట్ర శాసనసభకి పోటీ చేసి గెలిచింది కూడా. ఆ ఎన్నికలోనూ ఇర్మా తన గుమ్మం ముందు స్నేహితురాలి ప్రచారపు బోర్డు పెట్టనివ్వలేదు. గంట పట్టుకునే చేతిలో ఎవరి బోర్డూ ఉండకూడదంది. "చాదస్తం" అని వెర్నా తిట్టిపోసింది.

హాల్లో చివరి చర్చ 1986లో జరిగింది. నలభై మంది వచ్చారు. అప్పటికి చర్చలన్నీ నగరంలో స్టూడియోలకి వెళ్ళిపోయాయి. వేదిక మీద ఎవరు నిలబడాలో సర్వే అంకెలే తేల్చేస్తున్నాయి. ఇర్మా, వెర్నా కలిసి టీవీలో చూసేవాళ్ళు. వెర్నా తెర మీది వాళ్ళ మీద కేకలేసేది. ఇర్మా చూపు తెర మీంచి ఎక్కడికో పోయేది.

"ఏం ఆలోచిస్తున్నావు?" అని వెర్నా ఒకసారి అడిగింది.

"మెట్ల గురించి" అంది ఇర్మా.

వెర్నాకి విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. చర్చ ముగిశాక జనం ఇళ్ళకి పోకుండా హాలు మెట్ల మీద నిలబడేవాళ్ళు. స్టిక్నీ మనుషులు, ఆల్డ్రిచ్ మనుషులు, ఎవరి మనుషులూ కానివాళ్ళు. కాఫీ కప్పులు పట్టుకుని ఒకళ్ళనొకళ్ళు ఆటపట్టించుకుంటూ, వాదించుకుంటూ ఉండేవాళ్ళు. మంచు దిగి భుజాలు తడుస్తున్నా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. లోపల దీపాలు ఆర్పడానికి ఇర్మాకి చెయ్యొచ్చేది కాదు.