కాముని మంటల్లో నా పటాలం

శనివారం పొద్దున ఉప్పల్‌లోని మా బాల్కనీలో థిన్నర్ సీసా మూత తీశానంటే ఇంట్లోవాళ్లు ముక్కు మూసుకొని లోపలి నుంచి తలుపేసుకుంటారు. వంటింటి పోపు వాసన, కింద రోడ్డు మీద బస్సు పొగ, పక్కింటి అగరొత్తి అన్నిటినీ తోసేసి ఆ వాసన ఒక్కటే నిలబడుతుంది. నేను చిటికెన వేలంత కూడా లేని ఫిరంగి మీద కుంచె ఆనించి, ఊపిరి బిగబట్టి, దాని చక్రాలకు బురద రంగు వేస్తుంటాను. పోచారంలో ఆఫీసు, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం, తల సగం నెరిసింది, ఇంకా ఈ బొమ్మ సైనికుల పిచ్చేమిటని అడిగేవాళ్లకు కాలక్షేపం అని చెప్తాను. అది అబద్ధం. ఆ వాసన తగిలితే నాకు మహేందర్ గుర్తొస్తాడు, మహేందర్ గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి, పళ్లు బిగుసుకున్నాక చెయ్యి వణకదు, గీత తిన్నగా వస్తుంది.

మా నాయిన నాచారంలో దువ్వెనలూ సబ్బుపెట్టెలూ తయారుచేసే ప్లాస్టిక్ కంపెనీలో మిషన్ మీద పనిచేసేవాడు. జనగామ దిక్కు పల్లెలు విడిచి వచ్చినవాళ్లమంతా ఆ కంపెనీల వెనక గల్లీల్లో ఒక్కో గది కిరాయికి తీసుకొని ఉండేవాళ్లం. మాది వాకిలి చుట్టూ గదులున్న ఇల్లు. మధ్యలో బోరింగు, దాని పక్కన ఎప్పుడూ తడారని బట్టలుతికే బండ, పొద్దున్నే గదిగదిలో కిరోసిన్ స్టవ్వుల హోరు, సాయంత్రం షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ల చొక్కాల నుంచి మిషన్ నూనె వాసన. మేడ మీద ఇంటి ఓనరు కుటుంబం ఉండేది. ఆయన ఒక్కగానొక్క కొడుకే మహేందర్, బడిలో నాకంటే రెండు తరగతులు పైన. కిరాయి పిల్లలమంతా వాణ్ణి అన్నా అని పిలవాలి, ఏ ఆటలోనైనా మొదటి వంతు వాడికే ఇవ్వాలి, క్రికెట్‌లో వాడి వికెట్టు పడితే గాలికి పడిందని ఒప్పుకోవాలి. శత్రువుని అన్నా అని పిలవాల్సి రావడం ఎంత కష్టమో కిరాయి ఇళ్లల్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు.

మిషన్లో దువ్వెనలు పోశాక వాటికి అంటుకొని వచ్చే పనికిరాని ప్లాస్టిక్ కాడల్ని కంపెనీలో రన్నర్ అంటారు. నాయిన అప్పుడప్పుడు అన్నం డబ్బాలో ఓ గుప్పెడు రన్నర్ వేసుకొచ్చేవాడు. ఆ కాడలు చెట్టుకొమ్మల్లా రెండుగా చీలి ఉంటాయి. చీలిన చోట విరిచి తలకిందులుగా నిలబెడితే అదే రెండు కాళ్ల మనిషి. కాడని దీపం మీద వేడిచేసి లాగితే దారంలా సాగేది, దాన్ని తుంపి తుపాకులు చేసేదాన్ని. తలకు జొన్నగింజ, టోపీకి నానబెట్టిన పెసరగింజ నుంచి జారిన పొట్టు, నిలబడడానికి కింద సోడాసీసా మూత. మూత మీద బంక రాసి, వడగట్టి ఎండబెట్టిన చాయ్‌పత్తా చల్లితే అచ్చం దున్నిన నేల. గేట్లకు వేయగా మిగిలిన పచ్చరంగు వాళ్ల బట్టలకు, గోడలకు పూసే జాజు కొంచెం కలిపి ముఖాలకు. కుంచె కూడా నేనే చేసుకున్నాను, చీపురుపుల్లకు నా జడలోని వెంట్రుకలు కట్టి. వాళ్లందరికీ ముందు నడిచే సర్దారుకు మాత్రం టోపీ పెట్టలేదు. నుదుటి మీద కుంకుమ బొట్టు దిద్ది, అప్పటికే కాలం చేసిన మా నాయినమ్మ పేరు పెట్టాను, లచ్చవ్వ అని. నేను చూసిన మనుషుల్లో ఎవరికీ భయపడనిది ఆవిడొక్కతే.

ఈ సైన్యాన్ని యుద్ధానికి దింపింది మా పక్క గదిలో ఉండే హవల్దార్ తాత. పటాలం నుంచి రిటైరై వచ్చి ఒక కంపెనీ గేటు దగ్గర కాపలా ఉండేవాడు. దాడికి వెళ్లేముందు పటాలంలో ఆ నేలనంతా ఇసుకతో చిన్నగా పేర్చి, ఎవరు ఎటు నుంచి పోవాలో దాని మీదే చూపిస్తారట. డ్యూటీ లేని పూట తాత వాకిట్లో అలాగే ఇసుక పోసి, అరచేత్తో తట్టి గుట్టలు లేపి, ఎండిన చేన్లకు పసుపు, వాగుకు నీలిమందు, బాటకు ముగ్గుపిండి చల్లేవాడు. బతుకమ్మకు రంగులద్దగా మిగిలిన గునుగుపూలు గుచ్చితే అడవి. సద్దుల బతుకమ్మ మర్నాడు చేతుల్లో ఇంకా రొట్టెలూ బెల్లమూ కలిపి ముద్దకట్టిన మలీద వాసన పోకముందే ఆ అడవిలోకి మా పటాలాలు దిగేవి. కాల్బలం కదిలేది జానెడు దారం పొడవు, ఫిరంగి పేలేది మూరెడు. చింతగింజల్ని బండకేసి ఒకవైపు తెల్లగా అరగదీసి అష్టాచెమ్మకు విసిరినట్టే విసిరేవాళ్లం, ఎన్ని తెల్లవి పడితే అంతమంది చచ్చినట్టు. నాకు ఆ ఆటలో ఉన్న ఆనందం మరెందులోనూ లేదు, ఎందుకంటే ఇసుక మీద ఎవరూ ఓనరు కొడుకు కాదు.

మహేందర్ దగ్గర కోఠీలో కొన్న బొమ్మ సైనికులు ఉండేవాళ్లు, అందరూ ఒకే రంగు, ఒకే ఎత్తు. చలి తగ్గి మోదుగులు పూసే రోజుల్లో ఒకనాడు, వాకిలంతా చూస్తుండగా, లచ్చవ్వ వాగు పక్కనుంచి చుట్టి వచ్చి వాడి పటాలాన్ని వెనక నుంచి కొట్టింది. బోరింగు దగ్గర నీళ్లు పట్టుకుంటున్న ఆడవాళ్లు కూడా బిందెలు దించి చూశారు. తాత లేచి నాకు సెల్యూట్ కొట్టాడు. మహేందర్ తన సైనికుల్ని ఏరి జేబులో వేసుకొని మేడెక్కి పోయాడు. వాడు పేచీ పెట్టకుండా పోవడమే నేను గమనించాల్సింది, గెలిచిన సంబరంలో గమనించలేదు.

ఆ వారంలోనే కాముని పున్నమి. మా గల్లీల్లో కామునికి కట్టెలు కొనరు, ఎత్తుకొస్తారు. మగపిల్లలు పగలంతా జాజిరి పాటలు పాడి ఆడుతూ ఇంటింటికీ తిరిగి, ఇచ్చినవాళ్ల దగ్గర పిడకలూ పైసలూ తీసుకొని, ఇవ్వనివాళ్ల పెరట్లోంచి విరిగిన కుర్చీయో మంచం పట్టెయో మాయం చేసేవాళ్లు. కుప్ప మీదికి చేరినదాన్ని మళ్లీ అడగకూడదు, అడిగితే కీడని అందరి నమ్మకం. అందుకే పొద్దుగూకే వేళకు ఎవరి సామాన్లు వాళ్లు లోపల పెట్టుకొని గొళ్లెం వేసుకుంటారు. నా పటాలమంతా ఉన్న చెక్కపెట్టె, మిషన్ సామాన్లు వచ్చిన పాత పెట్టె, మా గది బయట కిటికీ కింద ఉండేది. అది కట్టె కిందికి వస్తుందని నాకు తోచనే లేదు.

చీకటి పడుతుండగా అందరితో పాటు మైదానానికి పోయాను. డప్పులు మోగుతున్నాయి, పిల్లలు నోటికి చెయ్యి ఆడిస్తూ అరుస్తున్నారు, అప్పుడే అంటించిన మంట కుప్ప కిందనుంచి పైకి పాకుతోంది. పైన, విరిగిన నిచ్చెన పక్కన, నా పెట్టె. మూత తీసి పెట్టారు, లోపల ఏముందో తెలిసే పెట్టారు. మహేందర్ నా దిక్కే చూస్తూ నిలబడ్డాడు. నేను నాయిన చెయ్యి పట్టుకొని లాగాను. అప్పటికింకా మంట పెట్టెకు అందలేదు, నాయిన నాలుగడుగులు వేసి చెయ్యి చాపితే అందేది. నాయిన పెట్టెను చూశాడు, పక్కనే కుర్చీలో కూర్చున్న ఓనర్ను చూశాడు.

"కాముని మీద పెట్టినదాన్ని అడుగొద్దు బిడ్డా. రన్నర్ మళ్ల తెస్త, మళ్ల చేస్కుందువు" అన్నాడు.

ప్లాస్టిక్ కాలేటప్పుడు బొట్లు బొట్లుగా రాలుతుంది, రాలేటప్పుడు చిన్న చప్పుడు చేస్తుంది. ఆ డప్పుల మధ్య కూడా నాకు ఆ చప్పుడు వినిపించింది. లచ్చవ్వ ఎక్కడుందో నాకు కనిపించలేదు. మర్నాడు పిల్లలంతా మోదుగుపూలు ఉడికించిన రంగునీళ్లతో హోలీ ఆడుతుంటే నేను గదిలో కూర్చొని ఒకటే కోరుకున్నాను. వాడు తన చేత్తో కష్టపడి చేసుకున్నది వాడి కళ్ల ముందే పోవాలి, పోతుంటే వాడు చూస్తూ ఏమీ చేయలేకపోవాలి. దేవుణ్ణి అడిగాను, దేవుడి వల్ల కాకపోతే నేనే చూసుకుంటానని కూడా చెప్పాను.

ఎండాకాలం వచ్చింది. మామిడికాయ ముక్కలు మేడ మీద ఎండుతున్నాయి, వాటికి కాపలా పేరుతో మేమంతా ట్యాంకు నీడలో చేరేవాళ్లం. నేను కొత్త పటాలం మొదలుపెట్టాను. ఒక రోజు తాత కోసం థర్మాకోల్ ముక్కతో గుట్ట చేసి, థిన్నర్ కలిపిన పచ్చరంగు వేస్తే, గుట్ట నా కళ్ల ముందే చీమలపుట్టలా బొక్కలుపడి కిందికి దిగిపోయింది. తాత నవ్వి, ముందు మైదాపిండి ఉడికించిన బంకతో కాగితాలు అంటించి ఎండనిచ్చి ఆ పైన రంగు వేయాలని నేర్పించాడు. ఆ వారం మహేందర్ భువనగిరిలో మేనమామ ఇంటికి పోయి ఉన్నాడు.

వాడు తిరిగొచ్చేసరికి మేడ మీదికి కొత్త ఫ్రిజ్ వచ్చింది, దానితో పాటు పెద్ద పెద్ద థర్మాకోల్ పలకలు. వాటితో వాడు కోట కట్టడం మొదలుపెట్టాడు. నిజం చెప్పాలంటే మంచి కోట. అప్పటిదాకా అన్నీ కొనుక్కున్నవాడు మొదటిసారి వేళ్లు కోసుకుంటూ, అన్నానికి పిలిచినా పోకుండా, బురుజులు చెక్కాడు, దర్వాజా చెక్కాడు, గోడల మీద రాళ్ల గీతలు కూడా గీశాడు. వాడి ముఖంలో ఎప్పుడూ లేని వెలుగు చూశాను. ఆ వెలుగు ఏమిటో నాకు బాగా తెలుసు. అందుకే అది ఆరిపోతే ఎలా ఉంటుందో కూడా తెలుసు.

రంగు ఏం వేయాలని వాడే నన్ను అడిగాడు. రంగుల సంగతి నాకు తెలుసని వాకిట్లో అందరికీ తెలుసు మరి.

"బండ్లకు కొట్టే స్ప్రే డబ్బా అయితే మస్తు మెరుస్తదన్నా. జర దగ్గరపెట్టి మంచిగ తడుపు" అన్నాను.

మర్నాడు సాయంత్రం వాకిట్లోని పిల్లలందరినీ పిలిచి, కోటలో తన సైనికుల్ని నిలబెట్టి మరీ వాడు డబ్బా ఊపాడు. మొదటి బుస్సుకు గోడ మెరిసింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత బురుజు ఒకటి ముడుచుకుంది. గోడలో గుంటలు పడ్డాయి, దర్వాజా లోపలికి కూలింది, సైనికులు బంకలో కాళ్లు దిగబడి ఒకరి మీద ఒకరు ఒరిగారు. ఏమవుతోందో తెలియక వాడు ఇంకా కొడుతున్నాడు, కొట్టేకొద్దీ ఇంకా కరుగుతోంది. వాడి ముఖంలో ఆ వెలుగు ఆరిపోయింది. నాకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది, అంత తియ్యని నవ్వు మళ్లీ నా జన్మలో రాలేదు. అప్పుడే వెనకనుంచి తాత నా భుజం మీద చెయ్యి వేసి, నాకొక్కదానికే వినపడేలా చెప్పాడు.

"నవ్వకు బిడ్డా. లడాయిల దోఖా తప్పు గాదు. గని దోఖా చేసినోడు నవ్విండంటే దుష్మన్‌కు ఎరుకైతది."

నేను పెద్ద సిపాయిని కదా, తాత మాట జవదాటలేదు. నవ్వు మింగేసి, అయ్యో అన్నా, అని అందరితో పాటు అన్నాను. ఆ మింగిన నవ్వు రుచి నాకు ఎన్నో ఏళ్లు సరిపోయింది. బడిలో, కాలేజీలో, ఉద్యోగంలో ఎవరు తొక్కేసినా ఆ కరిగిన కోటని తలుచుకొని నిద్రపోయేదాన్ని.

ఇప్పుడు నాచారంలో ఆ దువ్వెనల కంపెనీ లేదు, దాని గోడ ఉన్నచోట అపార్ట్‌మెంట్ల వరస. కాముని మైదానంలో ఫంక్షన్ హాలు లేచింది. బోరింగూ బండా ఉన్న మా వాకిలి మట్టిలో కలిసింది, అక్కడ కిరాయికున్న కుటుంబాలు దమ్మాయిగూడ వైపు, ఇంకా అవతలికి చెదిరిపోయాయి. తాతా లేడు, నాయినా లేడు. నాలాంటి పిచ్చివాళ్లం కొందరం ఆదివారాలు బల్లల మీద ఆడే యుద్ధం ఆటకు సైనికులు ఇప్పుడు డబ్బాల్లో వస్తారు, ముఖంలో ముక్కూ మీసంతో సహా చెక్కి ఉంటారు. మట్టికి కూడా ఓ డబ్బా ఉంది. జొన్నగింజ తల ఉన్న సైనికుణ్ణి చేసేవాళ్లు ఎక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు.

ఉప్పల్‌లో ఒక టిఫిన్ సెంటర్ మేడ మీద మా బల్లలుంటాయి. మొన్నీమధ్య ఒక ఆదివారం అక్కడికి, ఈ ఆట చూస్తానని మారాం చేసిన కూతుర్ని వెంటబెట్టుకొని, పొట్ట వచ్చిన ఒక మనిషి మెట్లెక్కి వచ్చాడు. నన్ను చూడగానే గుర్తుపట్టి, రేణుకా, అని సంతోషంగా పిలిచాడు. మహేందర్. మా నాయిన ఎలా ఉన్నాడని అడిగి, పోయాడంటే బాధపడ్డాడు, కూతురికి నన్ను చిన్నప్పటి దోస్తు అని చెప్పాడు. తర్వాత బల్ల మీద నేను కట్టిపెట్టిన చిన్న కోటని చూసి పెద్దగా నవ్వాడు.

"నా థర్మాకోల్ కోట యాదికున్నదా? గా డబ్బానే ఖరాబుండె. నువ్వైతే మంచిగనే చెప్పినవ్" అన్నాడు.

ఇన్నేళ్లూ నేను తీర్చుకున్నానని గర్వపడిన పగ వాడిదాకా చేరనే లేదు. నేను దాచిన ఆ నవ్వు వల్లే చేరలేదు. వాడి లెక్కలో అది ఒక పాడైన రంగు డబ్బా, నేను ఒక మంచి పిల్ల. ఇంక తాత మాట వినదలుచుకోలేదు.

"డబ్బా మంచిదే మహేందరన్నా. కరిగిపోతదని ఎరికుండే చెప్పిన."

ఎందుకు, అని అడిగాడు వాడు. వెక్కిరింపుగా అడగలేదు, నిజంగానే తెలియక అడిగాడు. చెక్కపెట్టె గురించి చెప్పాను, మూత తీసి పెట్టిన సంగతి చెప్పాను, లచ్చవ్వ గురించి చెప్పాను. వాడు నుదురు ముడిచి జ్ఞాపకాల్లో వెతుక్కున్నాడు.

"కాముని దినం ఎవలిండ్లకెల్లి ఏమేం ఎత్కచ్చినమో, గవన్నీ యాడ యాదుంటయి రేణుకా" అన్నాడు.

కూర్చోమన్నాను. కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకొని, ఆట నేర్పమని అడిగి మరీ కూర్చున్నాడు. నా దగ్గరున్న వాటిల్లో మంచి సైన్యాన్నే వాడికిచ్చి, నేలంతా చూపించి, నియమాలన్నీ చెప్పి, మధ్యాహ్నం దాకా ఆడాను. ఒక్కణ్ణి కూడా మిగల్చలేదు. ఒక్కో సైనికుణ్ణీ బల్ల మీంచి తీసి పక్కన పెడుతూ, అప్పటిలా వెలుగు ఆరుతుందేమోనని వాడి ముఖంలోకి చూశాను. వాడు ప్రతిసారీ నవ్వాడు, కూతురూ నవ్వింది, ఆఖరివాడు పోయినప్పుడు ఇద్దరూ కలిసి చప్పట్లు కొట్టారు. వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నాను.