చెల్లెలికి ఇచ్చిన స్థలం

నా పేరు మరియమ్మ. వయసు డెబ్బై రెండు. ఐర్లండ్‌లోని లెటర్‌కెన్నీలో నర్సుగా పనిచేసే కూతురు రూతు, అల్లుడు దేవదానం దగ్గర ఉంటున్నాను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రూతు టైపు చేస్తోంది.

ఈ రోజు పొద్దున తెనాలి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మా చెల్లెలు సుగుణ కరోనాతో పోయింది. సమాధుల దొడ్డిలోకి రానివ్వమని ఊళ్లోవాళ్లు అడ్డం పడ్డారట. అంబులెన్సు రోడ్డు మీదే ఆగి ఉంది.

“నా స్థలంలో పెట్టండ్రా” అన్నాను.

అది తెనాలిలో నేను మిరప కోతల కూలితో కొన్న స్థలం. దాన్ని అమ్మి, సగం షేర్లలో, సగం పెన్షన్ ఖాతాలో వేద్దామని అల్లుడు ఏడాదిగా పోరుతున్నాడు. మొన్ననే బేరం కుదిరింది.

“అత్తయ్యా, అక్కడ సమాధి కడితే ఇంకెవడు కొంటాడు? షేర్లయితే పడినా మళ్లీ పెరుగుతాయి” అన్నాడు.

“నీ షేర్లలో సుగుణను పడుకోబెట్టే చోటుందా బాబూ? ఉంటే చెప్పు, ఇప్పుడే అమ్మేస్తా.”

తమ్ముడు వీడియో కాల్ చేస్తే అల్లుడే ఫోన్‌ను టీవీకి కలిపాడు. తెల్ల సూట్లు వేసుకున్న ఇద్దరు సుగుణను గోతిలోకి దించారు. పిడికెడు మట్టి వెయ్యడానికి నేను లేను కదా అని ఏడ్చాను. అల్లుడు వానలో పెరట్లోకి వెళ్లి, గుప్పెడు మట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అద్దె ఇంటి మట్టి. టీవీ ముందు దాన్ని ఎక్కడ వెయ్యాలో తెలియక పట్టుకునే నిలబడ్డాను.

ఆ స్థలం ఇక అమ్మను. తప్పంటారా, కింద రాయండి. చదివించుకుని వింటాను.

ఈ పోస్టుతో పెట్టిన ఫొటోలోది నా వేలిముద్రే. ఆ మట్టితోనే వేశాను.

సాక్షులు: కూతురు రూతు, అల్లుడు దేవదానం.