ఎడమ వెనక చక్రం

మా మావయ్య అప్పలసూరి ఇంజన్‌ను రబ్బరు గొట్టంతో వింటారు. ఒక కొస కార్బురేటర్ నోటి దగ్గర, రెండో కొస చెవిలో. ఎర్ర కారుకు కార్బురేటర్లు రెండు. రెండూ ఒకే తీరున గాలి పీల్చాలి, లేకపోతే బండి వణుకుతుంది. గొట్టం అటూ ఇటూ మార్చుకుంటూ, చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ ఆయన కళ్ళు మూసుకుని నిలబడితే షెడ్డులో ఎవరూ మాట్లాడకూడదు. నాలుగేళ్ళ మా పాప శ్రీసత్య కూడా ఊపిరి బిగబట్టి చూసేది.

షెడ్డు వన్ టౌన్‌లో ఉంది. ఒకపక్క ఉల్లిపాయల గోదాము, ఇంకోపక్క తాళ్ళ దుకాణం, పైన మా ఇల్లు. మావయ్యది సబ్బవరం పక్క పల్లె. వ్యవసాయం చేసే కుటుంబం నుంచి చిన్నతనంలోనే వచ్చి, పోర్టు లారీలు బాగుచేసే చోట కిరసనాయిల్లో సామాన్లు కడగడంతో పని మొదలుపెట్టారు. తర్వాత సొంత షెడ్డు వేసుకున్నారు. ఇప్పుడు కొత్త కార్లన్నీ షోరూములకే పోతాయి. ఆయనకు మిగిలినవి కొన్ని ఆటోలు, ఒకటి రెండు జీపులు, కృష్ణంరాజుగారి ఎర్ర కారు.

పొడవాటి ముక్కు, రెండే సీట్లు ఉన్న స్పోర్ట్స్ కారు అది. ఎప్పుడో ఓడలో వచ్చింది. తెచ్చుకున్న విదేశీ ఇంజనీరు వెళ్ళిపోతూ, ఓడలకు సరుకులిచ్చే వ్యాపారం చేసే కృష్ణంరాజుగారి నాన్నగారికి అమ్మేశాడు. రాజుగారు సీతమ్మధారలో అపార్ట్‌మెంటులో ఉంటారు. అక్కడి సెల్లారులో వానాకాలం నీళ్ళు చేరతాయని కారును మా షెడ్డులోనే ఉంచుతారు. సముద్రపు గాలి దాన్ని కింది నుంచి తింటుంది, పోర్టు దుమ్ము పైనుంచి తింటుంది. బీచ్ రోడ్డుకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ మావయ్య దాని కిందకు దూరి మంచినీళ్ళతో కడుగుతారు. తుప్పు పట్టినంత మేర రేకు కోసి, కొత్త ముక్క అతికి, సాగదీసి, పాత వంపు తెస్తారు. ఆ వంపు కుదిరిన రోజు అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తింటారు.

నేను భౌతికశాస్త్రం చదివాను. బిడ్డ పుట్టాక ఆ చదువు నాకు భయపడటానికే ఎక్కువ పనికొచ్చింది. ఆ కారులో పిల్లల సీటు పట్టదు. పాప అందులో కూర్చుని స్టీరింగు పట్టుకుంటే, కదలని బండి అయినా నేను పక్కనే నిలబడేదాన్ని.

దసరాకు మా షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. ముందురోజు సాయంత్రం దీపం పెట్టేలోపు పనిముట్లన్నీ పసుపునీళ్ళతో కడిగి అమ్మవారి పటం ముందు పెట్టేస్తారు. పండగ మర్నాడు హారతి ఇచ్చి తీసేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. బళ్ళను నిమ్మకాయల మీదుగా ఒక్క అడుగు కదిపి ఆపేస్తారు. దారిలో ఏదైనా చెడితే పట్టుకోవడానికి చేతిలో పానా ఉండదు కాబట్టి ఆ రోజు ఏ బండీ షెడ్డు దాటదు.

పోయిన దసరా ముందురోజు జరిగింది నాకు తర్వాత అత్తయ్య ధనలక్ష్మి చెప్పింది. మావయ్య ఎర్ర కారు ఎడమ వెనక చక్రం విప్పి, బ్రేకు బాగుచేసి, మళ్ళీ తొడిగారు. అయిదు నట్లూ చేత్తో తిప్పి, జాకీ దించారు. ఆ చక్రాలు అల్యూమినియంవి. కారు బరువు నేలకు ఆనాకే నట్లను పానాతో గట్టిగా బిగించాలి. సరిగ్గా అప్పుడు అత్తయ్య పసుపునీళ్ళ బేసిన్‌తో వచ్చింది.

“ఏటయ్యా, ఇంకా అవ్వనేదా? దీపం ఎట్టే ఏలయిపోనాది. పానాలిటియ్యి.”

“ఒక్క సక్రమేనే. ఉండు.”

“ఉండమంటావేటి? అమ్మోరు నీ కోసం కాసుక్కూకుంటాదా? రేపెక్కడికెల్తాది నీ కారు? నిమ్మకాయ దాటితే సాల్దా?”

నిజమే కదా అనుకున్నారు మావయ్య. నవ్వి, చేతిలోని పానా బేసిన్‌లో వేశారు.

పండగ పొద్దున కృష్ణంరాజుగారు పట్టుపంచె కట్టుకుని వచ్చారు. కారుకు బొట్లు పెట్టారు, దండ వేశారు, నిమ్మకాయలు తొక్కించారు. గోదాము వాళ్ళు గుమ్మడికాయ కొట్టడానికి పిలిస్తే మావయ్య పక్కకు వెళ్ళారు. నేను పులిహోర తేవడానికి పైకి వెళ్ళాను. మెట్లు దిగుతూ ఉండగా ఇంజన్ చప్పుడు సందు చివరికి పోతోంది.

గోదాము నౌకరు నవ్వుతూ చెప్పాడు. “మీ పాప ఏడిసిందమ్మా, తిప్పమని. రాజుగారు ఒక్క రౌండేసి వొచ్చేత్తానన్నారు.”

మావయ్య వచ్చి, నలిగిన నిమ్మకాయలు పడి ఉన్న ఖాళీ జాగా చూశారు.

“కారేదమ్మా?”

“రాజుగారు తీసుకెళ్ళారు మావయ్యా. పాపని కూడా.”

ఆయన లోపలికి నడిచి, పటం ముందున్న పానాను దండతో సహా లాగారు. పక్కనున్న కుంకుమ గిన్నె పడిపోయింది.

“ఓలమ్మో! ముట్టకయ్యా! ఆరతియ్యనేదు!” అంది అత్తయ్య.

“సక్రం బిగించనేదే! పిల్లుందే అందులో!”

రాజుగారికి ఫోన్ చేశాను. ఆయన ఫోన్ షెడ్డులోని బల్ల మీదే మోగింది.

మోపెడ్ మీద మావయ్య వెనక కూర్చున్నాను. పానా నా ఒళ్ళో ఉంది. సందు చివర బంతిపూలమ్మే ఆవిడ పోర్టు రోడ్డు వైపు చెయ్యి చూపించింది. చేత్తో తిప్పిన నట్టు ప్రతి కుదుపుకూ కొంచెం వెనక్కి తిరుగుతుంది. ఆ రోడ్డు నిండా గుంతలు. ఒక నట్టు ఊడితే మిగిలినవాటి మీద భారం పెరుగుతుంది, అవి ఇంకా తొందరగా వదులవుతాయి. ఈ లెక్క నా తలలోంచి పోలేదు. మావయ్య నోట ఒక్కటే మాట. “మెల్లగా ఎల్లు బాబూ, మెల్లగా ఎల్లు.” అది ఎదురుగా లేని రాజుగారితో.

గూడ్సు రైలు కోసం వేసిన గేటు దగ్గర కారు ఆగి ఉంది. పాప సీటు మీద నిలబడి బొగ్గు పెట్టెలు లెక్కపెడుతోంది. చక్రం పైభాగం బయటికి వాలి ఉంది. నట్లు రెండు లేవు. మిగిలిన మూడూ బోల్టుల చివర వేలాడుతున్నాయి. నేను పాపను ఎత్తుకున్నాను. మావయ్య మోపెడ్‌ను అక్కడే పడేసి, రోడ్డు మీద చతికిలబడి, రెండు చేతులతో చక్రాన్ని పట్టుకున్నారు.

“ఏవోయ్ సూరీ, గాలి తగ్గిందా? వెనకాల ఏదో టకటకమంటోంది. వచ్చాక చెబుదాంలే అనుకున్నాను” అన్నారు రాజుగారు.

“గాలి కాదు బాబూ. నాను బిగించనేదు.”

“ఏమిటీ?”

“సక్రం. నిన్న సేత్తో తిప్పి ఒగ్గేసినాను.”

రాజుగారు పాప వైపు చూశారు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు, మళ్ళీ పెట్టుకోలేదు. గేటు లేచింది. వెనక లారీవాడు హారన్ కొట్టి, కుంకుమ పూసిన పానాను చూసి అరిచాడు. “ఓ బావా, పూజ రోడ్డు మీద సేత్తన్నావేటి? పంతులేడీ?”

మావయ్య మిగతా చక్రాల నుంచి రెండు నట్లు తీసి ఇక్కడ వేసి, బిగించి, కారును నడక వేగంతో షెడ్డుకు తెచ్చారు. రైలు మొత్తం చూడనివ్వలేదని పాప దారంతా ఏడ్చింది.

చక్రం రంధ్రాలు కోడిగుడ్డులా సాగిపోయాయి. వేరే చక్రం సంపాదించడానికి, బోల్టులు మార్చడానికి చాలా రోజులు పట్టింది. ఆ పని మావయ్యకు కష్టం కాలేదు. పని అయిపోయిందని నమ్మడమే ఆయన వల్ల కాలేదు. తింటూ తింటూ లేచి, ఎంగిలి చేత్తోనే కిందకు వెళ్ళి నట్లు చూసొచ్చేవారు. ఆటోలకూ అదే వరస.

“సూరి బావా, బిగించి బిగించి తెంపేత్తావేటి?” అన్నాడు ఒక ఆటో అబ్బాయి. నిజంగానే ఒక బోల్టు తెగింది.

అత్తయ్యకు అమ్మవారి భయం పట్టుకుంది. “నానే తొందరెట్టినాను గౌరీ. ఒక్క నిమసం ఆగుంటే అయిపోయేది” అని వంటింట్లో నా దగ్గర ఏడ్చేది. ఆ మాట మావయ్యతో అనేది కాదు. ఆవిడ తొందరపెట్టిందని ఆయన కూడా ఎవరితోనూ అనలేదు.

చివరికి ఒక ఆదివారం రాజుగారు కారును ఇంటిదాకా నడిపి చూడటానికి వచ్చారు. నాలుగు చక్రాలూ వంగి చూడబోయి, మావయ్య ముఖం చూసి మానేశారు.

“నీ చేతి మీద నాకు అనుమానం లేదోయ్. ఏదీ మా బుల్లితల్లి? రామ్మా, ఆ రైలేదో పూర్తిగా చూసొద్దాం.”

పాప పరుగెత్తి తలుపు పట్టుకుంది. వద్దని అనడానికి నేను నోరు తెరిచేలోపే మావయ్య పాపను ఎత్తి నా చంకనెక్కించారు.

“పిల్లనొద్దు బాబూ.”

“అదేంటోయ్? బిగించింది నువ్వే కదా?”

“నానే బాబూ. అందుకే ఒద్దంతన్నాను.”

రాజుగారు కారు స్టార్ట్ చేశారు. రెండు కార్బురేటర్లూ కుదురుగా పలికాయి. మావయ్య వినలేదు. కారు సందు దాటేసరికి మోపెడ్ తీసి దాని వెనక పడ్డారు. సీతమ్మధార దాకా అలాగే వెళ్ళారట. నేను మేడ మీంచి చూసినంత మేర, లారీల మధ్య ఎడమపక్కనే ఉండి, తల వంచి చక్రాన్నే చూస్తూ పోతున్నారు. ఎదురుగా వచ్చేవాటిని చూడటం లేదు.