కాపీ అక్క కుర్చీలో

ఆ రోజు నేను చూసింది చూసినట్టు చెప్పి ఉంటే ఆమె ఉద్యోగం నిలిచేదా? ఇన్నేళ్లయినా నాకు తెలియదు.

మా రక్తనిధిలో దాతల వివరాలు దాచే కంప్యూటర్ ఆమె చేతిలో ఉండేది. దేన్ని ముట్టుకోవాలన్నా ముందు నకలు తీసిపెట్టుకునేది కనుక అందరం కాపీ అక్క అనేవాళ్లం. పెళ్లి ఊసెత్తితే, "ఈ మిషన్‌తో అయిపోయిందిగా, కాపురం కూడా గొడవలతోనే" అని నవ్వేది.

ఒక ఉదయం దాత ఒకాయన కౌంటర్ ముందు నిలబడి ఉండగానే, అలాంటి మనిషే లేడంది కంప్యూటర్. అక్క పట్టికనంతా మొదటినుంచి చివరిదాకా చదివించింది. పేరు ఉంది.

"పుస్తకం వెనక పదసూచిక చిరిగింది తమ్ముడూ, లోపలి పేజీ బాగానే ఉంది" అంది. తర్వాత, ఎవరు ఏ ఆదేశమిచ్చారో, ఎక్కడ లోపమొచ్చిందో కంప్యూటర్ రాసుకునే లాగ్ చూసి నుదురు చిట్లించింది. "అదొక్కటే కాదు, డిస్కే పోతోంది. దీని మీద మరమ్మతు మొదలెడితే ఉన్నదీ ఊడుతుంది. ముందు కాపీ, తర్వాత కొత్త డిస్కు, ఆ తర్వాతే సూచిక."

దానికి నాలుగు గంటలు పని ఆపాలి. మేనేజర్‌కి ఒళ్లు మండింది.

"కాపీ కాపీ అని ప్రాణం తీస్తావేంటమ్మా? పరీక్షల్లోనూ ఇంతేనా?"

"అలా పాసై ఉంటే ఈపాటికి మేనేజర్నయ్యేదాన్ని సార్" అని, కాపీ ఎక్కించడానికి కొత్త డిస్కు కోసం స్టోరుకి వెళ్లింది.

అతను ఆమె కుర్చీలో కూర్చున్నాడు. దెబ్బతిన్న పేజీలను పారేసైనా సరే బాగుచెయ్యమని కంప్యూటర్‌కి ఆదేశమిచ్చాడు. తెర మీద హెచ్చరిక వచ్చింది. చదవకుండానే సరే నొక్కాడు. నా బల్ల అక్కడికి మూడడుగులు.

మిగిలిన నకలు వారం కిందటిది. ఆ వారంలో చేరిన నలభై ఒక్కమంది దాతలు ఊరూ పేరూ లేకుండా పోయారు.

విచారణ జరిగింది. లాగ్‌లో ఉన్నది ఆమె పేరే. "లాగవుట్ చెయ్యకుండా లేచాను, అది నా తప్పే. ఆదేశం మాత్రం నేనివ్వలేదు. తమ్ముణ్ణి అడగండి" అంది.

నన్ను అడిగారు. నా ఉద్యోగం ఖాయం చేసే కాగితం మేనేజర్ సంతకం కోసం ఎదురుచూస్తోంది.

"ఫైళ్లలో మునిగి ఉన్నానండీ, గమనించలేదు" అన్నాను.

సాయంత్రం ఆమె సొరుగు ఖాళీ చేసుకుని, గొడుగు చంకన పెట్టుకుని, నా బల్ల పక్కనుంచే నడిచింది. నేను లేచి నిలబడ్డాను. గేటు దగ్గర కాపలా ముసలాయనకు తాళాలిస్తూ, "మోకాలు ఎలా ఉంది బాబాయ్?" అని అడగడం కిటికీలోంచి వినిపించింది. ఆయన చెప్పిందంతా ఓపిగ్గా వింది. ఇటువైపు తిరగకుండానే వీధిలోకి దిగిపోయింది.